గీజర్ థర్మోస్టాటే పోయిందా? మార్చేముందు ఇంట్లోనే ఇట్ల చెక్ చెయ్యండి

స్విచ్ వేసి అరగంట అయినా నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నయ్, లేదంటే ఉల్టా, చెయ్యి పెట్టలేనంత కాగి వస్తున్నయ్. ఈ రెండిట్లో ఏది జరిగినా మనం ఫోన్ చేస్తే వచ్చినాయన చెప్పే మాట ఒకటే, థర్మోస్టాట్ పోయింది సార్, మార్చాలె (థర్మోస్టాట్ అంటే నీళ్లు సెట్ చేసిన వేడికి రాగానే కరెంటు ఆపేసే పార్ట్). డిసెంబర్ జనవరిలో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ దిక్కు చలి గజగజ వణికిస్తున్నప్పుడు అడిగే ఓపిక ఎవరికుంటది, సరే మార్చెయ్ అంటం, పైసలు ఇస్తం, కొన్నాళ్లకి మళ్లా అదే ప్రాబ్లం. ఎందుకంటే చాలా ఇళ్లల్లో పాడైంది థర్మోస్టాట్ కానే కాదు. అది ఉన్నది ఉన్నట్టు చెప్తనే ఉంటది, దాని చుట్టూ ఉన్నది చెడిపోయి ఉంటది.

అందుకే పార్ట్ మార్చేముందు తప్పు దానిదేనని పక్కా చేస్కోండి. ఒక మల్టీమీటర్, ఒక టెస్టర్, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. మల్టీమీటర్ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో మామూలుది కొన్ని వందల్లో దొరుకుతది, ఇంట్లో ఎన్నిసార్లు పనికొస్తదో లెక్కే ఉండదు. నేను చెప్పేది మామూలు స్టోరేజ్ గీజర్ గురించి, అంటే గోడకి ఉండే 10, 15, 25 లీటర్లది, కరెంటుది. గ్యాస్ గీజర్ అయితే దయచేసి మీరు విప్పకండి, దాంట్లో మంట సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తది, దానికి వాసన ఉండదు, కిటికీ మూసిన బాత్రూంలో ప్రాణమే పోతది. దానికి కంపెనీ మనిషినే పిలవండి.

ముందు లోపల ఏముంటదో తెల్వాలి

ట్యాంక్ లోపల ఎలిమెంట్ ఉంటది, నీళ్లని వేడి చేసేది అదే, ఎక్కువ శాతం 2000 వాట్లు. దాని పక్కనే ఒక సన్నటి గొట్టం ఉంటది, మూసి ఉన్న గొట్టం, నీళ్లు దాంట్లోకి రావు, దాంట్లో థర్మోస్టాట్ కూర్చుంటది. కొన్నిట్లో ఇది పొడుగు కడ్డీ లెక్క ఉంటది, దాన్ని స్టెమ్ థర్మోస్టాట్ అంటరు, కొన్నిట్లో సన్నటి రాగి తీగ లాంటి ట్యూబు, చివర్న చిన్న బల్బు, దాన్ని కెపిలరీ అంటరు, ఆ బల్బు లోపలి ద్రవం వేడికి వ్యాకోచించి స్విచ్‌ని నెట్టేస్తది. డిస్‌ప్లే ఉన్న కొత్త మోడల్స్‌లో ఎక్కువగా వీటి బదులు రెండు సన్న వైర్లతో ఒక చిన్న సెన్సర్ ఉంటది, ఎన్‌టీసీ అంటరు, వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతది, అది చూసి బోర్డు కరెంటు ఆపుతది.

వీటన్నిటికీ తోడు ఇంకొకటి ఉంటది, థర్మల్ కటౌట్. థర్మోస్టాట్ ఆపకుండా మొరాయిస్తే ఇది సర్క్యూట్‌ని తెంచేస్తది, మళ్లా చేత్తో రీసెట్ నొక్కితే తప్ప కలవదు. చాలా మోడల్స్‌లో చిన్న ఎర్ర బటన్ ఉంటది. దాని తర్వాత ఇక మిగిలిన కాపలా నీళ్లు వచ్చే పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వ్ ఒక్కటే, ప్రెజర్ ఎక్కువైతే అది నీళ్లు బయటకి వదిలేస్తది. ఈ వరస బుర్రలో పెట్టుకోండి, ముందు థర్మోస్టాట్, తర్వాత కటౌట్, చివరికి వాల్వ్.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర "డైరెక్ట్ చేసేద్దాం సార్" అనే అలవాటు ఒకటుంది, అంటే థర్మోస్టాట్ తీసేసి దాని రెండు వైర్లు కలిపేయడం, కొత్తది వచ్చేదాకా మీరే చూస్కొని ఆఫ్ చేస్కోండి అని. అస్సలు ఒప్పుకోవద్దు, ఒక్క రోజుకి కూడా. కొన్ని గీజర్లలో కటౌట్ కూడా ఆ థర్మోస్టాట్‌లోనే ఉంటది, అప్పుడు ఒకేసారి రెండు కాపలాలూ పోతయ్. ఎవరో ఫోన్ మాట్లాడుకుంటా మర్చిపోతరు, ట్యాంక్ మరుగుతనే ఉంటది, వాల్వ్ ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే ఆ ప్రెజర్ పోయే దారి ఉండదు. నీళ్లు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు వ్యాపిస్తయ్, గీజర్ పేలి గోడలు కూలడం అందుకే. ఇంట్లో పిల్లలున్నా పెద్దవాళ్లున్నా ఇంకో భయం కూడా ఉంది, 60 డిగ్రీల నీళ్లు ఒక అయిదు సెకన్లు ఒంటి మీద పడితే పెద్దవాళ్ల చర్మమే కాలిపోతది, పిల్లలకి ఇంకా త్వరగా.

కవర్ విప్పకుండానే సగం తెలుస్తది

మొదటి స్టెప్‌లో స్క్రూడ్రైవర్ ముట్టకండి. గీజర్ మీద లైట్లు చూడండి. మామూలుగా రెండుంటయ్, ఒకటి కరెంటు వచ్చిందని, ఇంకోటి వేడి అవుతుందని. రెండూ వెలగకపోతే ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులో గీజర్ లైన్‌కి ఉండే, లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), గీజర్ స్విచ్, ప్లగ్గు చూడండి. గీజర్ ప్లగ్గు 16 ఆంప్స్‌ది, పిన్నులు నల్లబడి ఉన్నా, సాకెట్ ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తున్నా మీ ప్రాబ్లం అక్కడే ఉంది, లోపలికి పోవాల్సిన పనే లేదు, సాకెట్, ప్లగ్గు రెండూ మార్చండి.

హీటింగ్ లైట్ వెలుగుతనే ఉంది కానీ నీళ్లు ఎంతసేపటికీ చల్లగానే ఉన్నయ్ అంటే థర్మోస్టాట్ కరెంటు పంపిస్తుంది, ఎలిమెంట్ తీసుకోవట్లేదు అని అర్థం, అది ఎలిమెంట్ పోయిన లక్షణం. ఆ లైటే పోయి ఉంటదేమో అని డౌట్ వస్తే ఇంటి కరెంటు మీటర్ దగ్గరకి పోండి, దాంట్లో చిన్న ఎర్ర లైట్ బ్లింక్ అవుతుంటది, ఏసీ, మోటార్ లాంటివి ఆపేసి గీజర్ స్విచ్ వెయ్యమనండి, బ్లింకులు ఒక్కసారి స్పీడ్ అయితే ఎలిమెంట్ కరెంటు లాగుతున్నట్టే, ఏ మార్పూ లేకపోతే లాగట్లేదు. కొంచెంసేపటికి బ్లింకులు మళ్లా నెమ్మదిస్తే ఆ క్షణాన థర్మోస్టాట్ కట్ అయినట్టు. ఒక్క స్క్రూ విప్పకుండా ఇంత తెలుస్తది.

ఇప్పుడు టైం లెక్క. లీటర్లని పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్ల కరెంటు కావాలో వస్తది. 15 లీటర్లు, చలికాలం నీళ్లు 20 నుంచి 60కి పోవాలంటే 600ని 860తో భాగిస్తే 0.7 యూనిట్, 2000 వాట్ల ఎలిమెంట్‌కి అది 21 నిమిషాల పని. 25 లీటర్లకి 35 నిమిషాలు. కొంచెం వేడి బయటకి పోతది కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. వోల్టేజీ 200కి పడిపోతే అదే 2000 వాట్ల ఎలిమెంట్ 1500 వాట్లే ఇస్తది, అప్పుడు 21 కాస్తా 28 అయితది, దానికి థర్మోస్టాట్‌ని తిట్టి లాభం లేదు. చల్లటి ట్యాంక్‌తో మొదలుపెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి హీటింగ్ లైట్ ఎప్పుడు ఆరిపోతదో చూడండి. 15 లీటర్లది ఏడెనిమిది నిమిషాలకే ఆరిపోతుంటే అది తొందరగా కట్ అవుతుంది, ఎందుకు అనేది తర్వాత చూద్దాం. నలభై నిమిషాలైనా ఆరకపోతే, నీళ్లు పొగలు కక్కుతుంటే, వెంటనే ఎంసీబీ దించేయండి, చెక్ చేసేదాకా మళ్లా వెయ్యొద్దు.

ఇంకో సంగతి, 15 లీటర్ల గీజర్ 60 డిగ్రీల నీళ్లకి 20 డిగ్రీల చల్లనీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానం నీళ్లు సుమారు 30 లీటర్లు వస్తయ్, అంటే ఒకటిన్నర బకెట్. రెండో మనిషికి చల్లబడిపోతుంది అంటే అది సెన్సర్ తప్పు కాదు, అంతే పడుతది.

ఎక్కువమంది మిస్ అయ్యేది ఇదే

లైట్ కరెక్ట్ టైంకే ఆరిపోతుంది, కానీ ట్యాప్‌లో గోరువెచ్చటి నీళ్లే. ఇక్కడే నూటికి తొంభై మంది థర్మోస్టాట్ మార్చేస్తరు. ముందు ఈ టెస్ట్ చెయ్యండి. గీజర్ కరెంటు ఆపేసి, గీజర్‌కి చల్లనీళ్లు పోయే యాంగిల్ కాక్ పూర్తిగా మూసేయండి. ఇప్పుడు వేడినీళ్ల ట్యాప్ తిప్పండి. కొద్దిసేపటికి నీళ్లు ఆగిపోవాలి, ఎందుకంటే వెనక నుంచి తోసే నీళ్లు లేవు. ఆగకుండా ధార వస్తనే ఉంటే చల్లనీళ్లు ఎక్కడి నుంచో వేడినీళ్ల లైన్‌లోకి దూరుతున్నయ్. ఎక్కువగా వాల్ మిక్సర్ లోపలో, నీళ్లని షవర్‌కో ట్యాప్‌కో మళ్లించే డైవర్టర్ లోపలో వాషర్ అరిగిపోయి అట్ల అయితది, లేదంటే ఎవరో మిక్సర్‌కి హ్యాండ్ షవర్ తగిలించి, మిక్సర్ రెండు నాబ్‌లూ ఓపెన్ పెట్టి, హ్యాండ్ షవర్ దగ్గర బటన్‌తో మాత్రం ఆపుతుంటరు, అప్పుడు మిక్సర్ లోపలే చల్లవి వేడివి కలిసిపోతయ్. కొత్త ఫ్లాట్లలో ఇది మరీ ఎక్కువ. దీనికి కావాల్సింది ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కాదు.

ఈ టెస్ట్ పాసైతేనే కవర్ విప్పండి.

కరెంటు పూర్తిగా ఆపాలి, స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు

గీజర్ స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోతది అనుకోవద్దు. పాత ఇళ్లల్లో ఫేజ్, న్యూట్రల్ తారుమారు చేసి ఉంటరు, స్విచ్ ఆఫ్ ఉన్నా లోపల ఫేజ్ బతికే ఉంటది. ఎంసీబీ దించండి, దాని మీద టేప్ వెయ్యండి, ప్లగ్గు ఉంటే పీకేయండి, ఇంట్లో అందరికీ చెప్పండి, ఎవరో లైట్ పోయిందేమో అని ఎంసీబీ ఎత్తకుండా. కవర్ తీసినంక టెస్టర్‌తో ప్రతి టెర్మినల్ ముట్టించి చూడండి, టెస్టర్‌ని అంతకుముందే వేరే పనిచేసే సాకెట్‌లో చూస్కోండి, టెస్టరే పోయి ఉంటే మోసపోతరు. నేల తడి లేకుండా తుడవండి, రబ్బర్ చెప్పులు వేసుకోండి, ప్లాస్టిక్ స్టూల్ కాకుండా గట్టి నిచ్చెన వాడండి. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, లేని ఇల్లయితే ఈ పనితో పాటే అది పెట్టించే ప్లాన్ చేస్కోండి, గీజర్ లైన్‌కి 30 మిల్లీ ఆంప్స్‌ది.

కింద కవర్ తీయగానే ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి, ఏ వైరు ఎక్కడుందో క్లియర్‌గా కనబడాలి. తర్వాత చేతులు పెట్టకుండా కాసేపు ఊరికే చూడండి. వైరు కొసన ఉండే లగ్గు గోధుమ రంగుకి తిరిగిందా, ప్లాస్టిక్ కరిగిందా, ఎక్కడన్నా తెల్లటి ఉప్పు చారలు దిగాయా, పచ్చటి చిలుము ఉందా. ఉప్పు చారలు ఉంటే గాస్కెట్ (ఎలిమెంట్ బిగించిన చోట నీళ్లు కారకుండా ఉండే రబ్బరు) కారుతుంది, ఆ నీళ్లే థర్మోస్టాట్‌ని పాడుచేసి ఉంటయ్, గాస్కెట్ మార్చకుండా థర్మోస్టాట్ మారిస్తే కొత్తది కూడా అట్లనే పోతది. లగ్గు లూజుగా ఉండి నల్లబడితే దాన్ని కట్ చేసి కొత్త లగ్గు గట్టిగా నొక్కించండి, కొన్నిసార్లు మొత్తం ప్రాబ్లం అదే.

మీటర్ పెట్టే వరస

ముందు ఎలిమెంట్. దాని ఒక వైరు తీసేసి మీటర్‌ని 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి రెండు టెర్మినల్స్ మీద పెట్టండి. 2000 వాట్లదైతే 26 ఓమ్స్ దగ్గర రావాలి, 3000 వాట్లదైతే 17 లేదా 18. అసలు రీడింగే రాకపోతే ఎలిమెంట్ తెగింది. ఒక్క కూత శబ్దం విని ఓకే అనుకోకండి, కొన్ని మీటర్లు 26 ఓమ్స్‌కి కూస్తయ్ కొన్ని కూయవు, నంబర్ చూడండి. తర్వాత మీటర్‌ని పెద్ద రేంజ్‌కి తిప్పి, ఎలిమెంట్ రెండు వైర్లూ తీసేసి, ఒక టెర్మినల్‌కి, ట్యాంక్ బాడీకి మధ్య చూడండి. ఏమీ రాకూడదు. ఏదన్నా నంబర్ వస్తే ఎలిమెంట్ పైతొడుగు పగిలి నీళ్లు లోపలికి పోయినట్టు, గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోవడానికి కారణం అదే, షాక్ కొట్టేది కూడా అందుకే. మీటర్‌లో ఏమీ రాకున్నా ఆర్‌సీసీబీ పడుతనే ఉంటే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకేజీ చూసే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, చిన్న బ్యాటరీ మీటర్‌కి ఆ లీకేజీ ఒక్కోసారి దొరకదు.

తర్వాత కటౌట్. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్య సున్నా దగ్గర రావాలి. రాకపోతే ఎర్ర బటన్ నొక్కండి, టక్ అంటది, మళ్లా చూడండి. నొక్కినా కలవకపోతే కటౌట్ పోయింది. నొక్కితే కలిసింది అంటే కటౌట్ మంచిదే, కానీ అది ఎందుకు తెగిందో మీరు కనుక్కోవాలి, ఊరికే తెగదు. ఒకసారి నొక్కి వాడుకున్నంక మళ్లా తెగితే ఇక నొక్కడం ఆపేయండి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకి వద్దాం. స్టెమ్ గానీ కెపిలరీ గానీ, వైర్లు తీసేసి మెల్లగా లాగితే ఆ గొట్టంలోంచి బయటకి వస్తది, ట్యాంక్ ఖాళీ చేయాల్సిన పని లేదు. కెపిలరీ ట్యూబుని వంచకండి, ఒక్క చోట మడతపడినా ద్రవం కారిపోతది, కారిపోతే చాలా రకాల్లో ఇక ఎంత వేడైనా కట్ కాదు. నాబ్ ఉంటే 60 దగ్గర పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు రెండు టెర్మినల్స్ మధ్య సున్నా, లేదంటే అర ఓమ్ లోపు రావాలి, అదీ మీటర్ వైర్లదే. రెండు మూడు ఓమ్స్ చూపిస్తుంటే లోపల కాంటాక్టులు కాలిపోయినయ్, అవి అక్కడే వేడెక్కి కరుగుతయ్, మార్చాల్సిందే.

వేడి టెస్ట్‌కి థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకున్నా నడుస్తది. హైదరాబాద్ సముద్రమట్టం కంటే 500 మీటర్లకి పైనే ఉంది కాబట్టి మన దగ్గర నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతయ్. ఒక గ్లాసు మరిగే నీళ్లు, అదే గ్లాసుతో ఒక గ్లాసు మామూలు నీళ్లు, ఒక స్టీల్ గిన్నెలో కలపండి, గిన్నె లాక్కునే వేడి పోను 60 దగ్గర వస్తది. థర్మోస్టాట్ తలకాయకి తడి తగలకుండా కడ్డీని గానీ బల్బుని గానీ దాంట్లో ముంచి, మీటర్ పట్టుకొని కూర్చోండి. నీళ్లల్లో పెట్టిన కొద్దిసేపటికి టిక్ అని సన్నగా వినబడతది, మీటర్ మీద సున్నా పోయి ఓపెన్, అంటే తెగినట్టు, చూపిస్తది. నాబ్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పితే కలవడం, తెగడం రెండూ వినబడాలి. బయటకి తీసి చల్లారనిస్తే మళ్లా టిక్ అని కలవాలి. 60లో తెగకపోతే నీళ్లు ఇంకొంచెం వేడి చేసి చూడండి, అయిదు పది డిగ్రీల తేడా మామూలే. 80 దాటినా తెగట్లేదంటే కాంటాక్టులు అతుక్కుపోయినయ్, థర్మోస్టాట్ పోయింది, ఇప్పుడు ధైర్యంగా మార్చండి. 45 లోపే తెగుతుంటే కూడా పోయినట్టే. సరిగ్గా తెగి సరిగ్గా కలుస్తుంటే దాన్ని పారేయకండి, అది మంచిదే, ఇంకా కింద చదవండి.

డిస్‌ప్లే గీజర్ అయితే స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ కోడ్ ముందు మీ మోడల్ బుక్‌లెట్‌లో చూడండి, కంపెనీ కంపెనీకీ అర్థం మారుతది. సెన్సర్ రెండు పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి పీకి, మీటర్‌ని 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో పెట్టండి, ఐస్ నీళ్లల్లో పెట్టి చూసేటప్పుడు మాత్రం 200 కిలో ఓమ్స్ రేంజ్ కావాలి. చాలావాటిలో 10 కిలో ఓమ్స్ సెన్సర్ ఉంటది, అంటే 25 డిగ్రీల దగ్గర 10, ఐస్ నీళ్లల్లో 27 నుంచి 33 మధ్య, 40 డిగ్రీలకి 5, 6 మధ్య, 60కి రెండున్నర, 3 మధ్య. మీ మోడల్‌లో వేరే రకం సెన్సర్ ఉంటే నంబర్లు వేరుంటయ్, అప్పుడు నంబర్ కన్నా నడక చూడండి, వేడి పెరిగేకొద్దీ ఎక్కడా దూకకుండా మెల్లగా తగ్గాలి. సున్నా వస్తే షార్ట్, ఏమీ రాకపోతే వైరు తెగింది. నంబర్ అటూ ఇటూ గెంతుతుంటే వైరుని కనెక్టర్ దగ్గర చిన్నగా కదిలించి చూడండి. బాత్రూం ఆవిరికి ఆ చిన్న పిన్నులకి చిలుము పడతది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టి మళ్లా పెడితే చాలాసార్లు ఎర్రర్ పోతది. సెన్సర్ అన్ని టెస్టులూ పాసై ఎర్రర్ మాత్రం అట్లనే ఉంటే అది బోర్డు పని, కంపెనీ సర్వీస్‌కే ఇవ్వండి, ఆ బోర్డు మీద కరెంటు ఉండగా మీటర్ పెట్టే సాహసం చెయ్యకండి.

థర్మోస్టాట్ మంచిదే కానీ తొందరగా కట్ అవుతుంది

హైదరాబాద్‌లో ఎక్కువ ఇళ్ల కథ ఇదే. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లల్లో కొంచెం నయం, బోరు మీద, ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో గీజర్ లోపల సున్నం పేరుకుపోతది. ఆ ఉప్పు ఎలిమెంట్ చుట్టూ గట్టిగా పట్టేస్తది, పక్కనే ఉన్న థర్మోస్టాట్ గొట్టానికి కూడా కలిపి పట్టేస్తది. ఎలిమెంట్ వేడి నీళ్లల్లోకి పోవడానికి దారి లేక ఆ ఉప్పు గడ్డ లోపలే తిరుగుతది, థర్మోస్టాట్‌కి అక్కడ 60 ఎప్పుడో దాటిపోయింది కాబట్టి అది కట్ చేసేస్తది. ట్యాంక్‌లో నీళ్లు మాత్రం 35. అది అబద్ధం చెప్పట్లేదు, దుప్పటి కింద థర్మామీటర్ పెట్టి గది వేడి ఎంత అని అడిగినట్టు అది. కటౌట్ మాటిమాటికీ తెగడానికి కూడా ఎక్కువసార్లు ఇదే కారణం. వేడి చేసేటప్పుడు లోపల టపటపమని, కెటిల్ మరిగినట్టు శబ్దం వస్తుంటే ఇక డౌటే లేదు.

దీనికి ట్యాంక్ ఖాళీ చేసి ఎలిమెంట్ తియ్యాలి. నీళ్లు పూర్తిగా చల్లారినంక యాంగిల్ కాక్ మూసేసి, ఊరికే వేడినీళ్ల ట్యాప్ తిప్పితే ట్యాంక్ ఖాళీ కాదు, ఎందుకంటే నిలువు గీజర్‌లో వేడినీళ్లు బయటకి పోయే పైపు లోపల పైదాకా ఉంటది. చల్లనీళ్లు వచ్చే పైపు విప్పితేనే కిందికి దిగుతయ్, ట్యాప్ తెరిచే ఉంచండి, గాలి పోవాలి, కింద బకెట్ పెట్టండి. ఫ్లాంజ్ (ఎలిమెంట్‌ని ట్యాంక్‌కి పట్టి ఉంచే లోహపు ప్లేటు) బోల్టులు విప్పి ఎలిమెంట్‌ని కిందికి దించితే బోరు నీళ్ల ఇంట్లో ఎట్లుంటదంటే, వేలు లావు రాగి గొట్టం కనబడకుండా బూడిద తెలుపు పెంకు కట్టి, మధ్య సందులన్నీ పూడుకుపోయి ఒకటే దిమ్మ అయిపోయి ఉంటది, ట్యాంక్ అడుగు నుంచి గులకరాళ్ల లాంటి ముక్కలు దోసిళ్లకొద్దీ రాలుతయ్.

సుత్తితో కొట్టకండి, పైతొడుగు పగులుతది. టైల్స్ కడిగే యాసిడ్ అసలే వద్దు, అది లోహాన్నే తినేస్తది. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు దొరుకుతది, గోరువెచ్చటి నీళ్లల్లో రెండు మూడు పెద్ద స్పూన్లు కలిపి, టెర్మినల్స్ తడవకుండా ఎలిమెంట్‌ని మాత్రం నిలువుగా ముంచండి, బుడగలు వస్తయ్, అవి ఆగినంక పెంకు చేత్తోనే ఊడి వస్తది, మందంగా ఉంటే నీళ్లు మార్చి మళ్లా పెట్టండి. ట్యాంక్ లోపల గ్లాస్ కోటింగ్ ఉంటది, ఇనుప బ్రష్ పెట్టి గీకకండి, నీళ్లు కొట్టి కడిగితే చాలు. అక్కడే ఒక కడ్డీ ఉంటది, మెగ్నీషియం యానోడ్, ట్యాంక్ తుప్పు పట్టకుండా తను కరిగిపోతుంటది. అది సన్నబడి తీగలా అయిపోతే ఇప్పుడే మార్చండి, మళ్లా విప్పే పని ఉండదు. గాస్కెట్ పాతది వాడకండి, ఎంత బాగున్నట్టు కనబడినా.

కొత్త థర్మోస్టాట్ కొనేటప్పుడు

పాతది చేతిలో పట్టుకొనే కోఠి ట్రూప్ బజార్‌కి పోండి, లేదంటే మీ గీజర్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి. కడ్డీ పొడవు, ఆంప్స్ రేటింగ్, ఎంత డిగ్రీలకి కట్ అయితది, టెర్మినల్స్ ఎన్ని, కటౌట్ దాంట్లోనే కలిసి ఉందా వేరేనా, ఇవన్నీ సరిపోవాలి. కడ్డీ పొట్టిది పెడితే ట్యాంక్‌లో వేరే చోటి వేడి చూస్తది, పొడుగుది సగం బయటే ఉండిపోతది. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే తీసుకోండి, స్టోరేజ్ గీజర్లకి మన స్టాండర్డ్ ఐఎస్ 2082, పార్ట్ మాత్రం లోకల్‌ది పెట్టి పది ఇరవై రూపాయలు మిగుల్చుకోవడంలో అర్థం లేదు. కొన్న కొత్తదాన్ని కూడా బిగించే ముందు అదే వేడినీళ్ల గిన్నెలో ఒకసారి ముంచి టిక్ వినండి.

బిగించేటప్పుడు ఫోటోలు చూసి వైర్లు పెట్టండి, లగ్గులు గట్టిగా కూర్చోవాలి, లాగితే ఊడొద్దు. ఎర్త్ వైరు మర్చిపోవద్దు. ఫ్లాంజ్ విప్పి ఉంటే బోల్టులు ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని కొంచెం కొంచెం బిగించుకుంటా పోండి, ఒకవైపే బిగిస్తే గాస్కెట్ అటుపక్క కారుతది.

ఇప్పుడు చాలా ముఖ్యమైంది, ముందు నీళ్లు, తర్వాతే కరెంటు. యాంగిల్ కాక్ తెరిచి వేడినీళ్ల ట్యాప్ తిప్పి ఉంచండి, ముందు గాలి బుసబుసమని వస్తది, తర్వాత తుంపర్లు, తర్వాత ఆగకుండా ధార. ధార వచ్చినంకే ట్యాంక్ నిండినట్టు. ఖాళీ ట్యాంక్‌కి కరెంటు ఇస్తే కొత్త ఎలిమెంట్ కొన్ని నిమిషాల్లో కాలిపోతది. కాసేపు ఫ్లాంజ్ చుట్టూ పొడి పేపర్ నాప్కిన్ పెట్టి తడి ఉందా చూడండి, లేకపోతే కవర్ మూసి ఎంసీబీ ఎత్తండి.

మొదటిసారి వేడి చేసినప్పుడు ఇంట్లోనే ఉండండి, స్టాప్‌వాచ్ మళ్లా పెట్టండి, ముందు వేసుకున్న లెక్క దగ్గర్లో లైట్ ఆరాలి. ఆరినంక ఒక మగ్గు నీళ్లు పట్టి థర్మామీటర్‌తో చూడండి, 55 నుంచి 65 మధ్య ఉంటే బాగున్నట్టే. వేడయ్యేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి రెండు చుక్కలు కారడం మామూలే, నీళ్లు వేడికి పెరుగుతయ్ కాబట్టి. ఆ చుక్కలు చూసి చిరాకుపడి దాని నోటికి ఎండ్ క్యాప్ బిగించే వాళ్లున్నరు, దయచేసి ఆ పని ఎవ్వరినీ చెయ్యనివ్వకండి, ఇప్పటికే ఎవరన్నా బిగించి ఉంటే ఇవాళే తీసేయండి. లైట్ ఆరినంక కూడా ధారగా కారుతనే ఉంటే అప్పుడు వాల్వ్ మార్చాలి.

బోరు నీళ్ల ఇల్లయితే ఏడాదికోసారి, చలికాలం ముందే, అక్టోబర్‌లో ఎలిమెంట్ తీసి చూసుకోండి, అప్పుడు మనుషులూ దొరుకుతరు, పార్టులూ దొరుకుతయ్. మున్సిపల్ నీళ్లే వాడేవాళ్లకి రెండేళ్లకోసారి చాలు.